పర్లాకిమిడి లైనక్స్ డైరీ: నాలుగు పాత కంప్యూటర్లు, ఒకటే కీబోర్డు

2025 నవంబరు 9, ఆదివారం

నాలుగూ ఇవాళ్టికి మా ముందు గదిలోకి చేరాయి. ఒకటి మా ఇంట్లోదే, ట్యూషన్ గదిలో ఆరేళ్లుగా గుడ్డ కప్పి ఉంచిన డెస్క్‌టాప్. రెండోది మా బావ లాప్‌టాప్, కొత్తది కొనుక్కున్నాక "నీకేటైనా పనికొస్తాదేమో చూసుకో" అని ఇచ్చేశారు. మూడోది మా అప్ప కాలేజీ రోజుల్లో కొన్న చిన్న నెట్‌బుక్. నాలుగోది మా చిన్నాన్న కొట్లో ఏళ్ల తరబడి బిల్లులు కొట్టిన పెంటియం 4. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొట్లోకి నీళ్లొచ్చి ఇది అరడుగు మేర తడిసింది, క్యాబినెట్ మీద ఆ బురద గీత ఇప్పటికీ ఉంది.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసుకుంటాను. నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ రాయమంటే పెన్ను పట్టుకుని ఆలోచిస్తారు. మా పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అక్కడ వీళ్ల ఈడు పిల్లలు తెలుగులో ఉత్తరం రాసేస్తారు. మా పిల్లలు రెండు భాషల్లోనూ కంప్యూటర్ మీద రాయగలగాలి అనేది నా కోరిక. కొత్త కంప్యూటర్లు నాలుగు కొనే స్తోమత లేదు. పాతవాటిలో డెస్క్‌టాప్‌లో విండోస్ 7 ఉంది, దానికి 2020 జనవరిలోనే మద్దతు ఆగింది. లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 10కి పోయిన నెల 14న ముగిసింది, ఆ ప్రాసెసర్‌కి విండోస్ 11 ఎక్కదు. ఇక మిగిలింది లైనక్స్, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్.

సాయంత్రం మూతలు విప్పాను. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) పక్కన రెండు బల్లి గుడ్లు, ఎండిపోయిన పెంకులు. ప్రాసెసర్ ఫ్యాన్ కింద దుమ్ము పరుపులా పేరుకుంది. పెయింట్ బ్రష్‌తో దులిపి, ర్యామ్ కడ్డీలు తీసి వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. అంతకుముందు మూడు బీప్‌లు కొట్టి ఆగిపోయేది, ఇప్పుడు ఒక్క బీప్‌తో లేచింది. ర్యామ్ పోయిందని పారేసిన కంప్యూటర్లలో ఎన్నింటికి ఈ రబ్బరు ముక్క చాలేదో అనిపించింది.

నవంబరు 12

ఏ డిస్ట్రో, అంటే లైనక్స్‌లో ఏ రకం, వేయాలో తేల్చే ముందు ప్రాసెసర్ 64 బిట్టా, 32 బిట్టా అన్నది చూసుకోవాలి. 2025లో ఇది చాలా ముఖ్యమైంది. ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ తీసేశారు, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) కూడా ఇవ్వడం లేదు. ఉబుంటు, మింట్ ఎప్పుడో ఆ దారి వదిలేశాయి. ఫైర్‌ఫాక్స్ 32 బిట్ లైనక్స్‌కి 144వ వెర్షనే ఆఖరు, దీర్ఘకాలం నడిపే 140 ఈఎస్‌ఆర్ మాత్రం 2026 సెప్టెంబరు దాకా ఉంటుంది. క్రోమ్ అయితే 2016లోనే ఆపేసింది.

మా నాలుగింటి లెక్క ఇలా తేలింది. డెస్క్‌టాప్ పెంటియం డ్యూయల్ కోర్ ఈ5200, 64 బిట్, 2 జీబీ ర్యామ్. లాప్‌టాప్ కోర్ 2 డుయో, అదీ 64 బిట్, 4 జీబీ. నెట్‌బుక్ ఆటమ్ ఎన్270, 32 బిట్, 1 జీబీ. పెంటియం 4 నార్త్‌వుడ్ కాలం నాటిది, 32 బిట్, 512 ఎంబీ, హార్డ్‌డిస్కు 40 జీబీ, అది కూడా వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండే ఐడీఈ రకం. రెండు ఇటు, రెండు అటు.

32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వేసి, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైళ్లన్నీ (ఒక్కో డిస్ట్రో మొత్తం ఒక్కో ఫైలు) అందులో కాపీ చేశాను. దీంతో ఉన్న సుఖం ఏమిటంటే డిస్ట్రో మారినప్పుడల్లా పెన్‌డ్రైవ్ మళ్లీ రాయక్కర్లేదు, బూట్ అయ్యాక వచ్చే మెనూలో కావలసింది ఎంచుకోవడమే.

నవంబరు 16, ఆదివారం

డెస్క్‌టాప్ రోజు. దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి, పది నిమిషాలు వదిలేసి, ఏ ప్రోగ్రామూ తెరవకముందు ర్యామ్ ఎంత వాడుతోందో చూశాను. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన తెర రూపం ఉన్న మింట్) 780 ఎంబీ దగ్గర నిలిచింది, లుబుంటు 590, డెబియన్ 13 ఎక్స్‌ఎఫ్‌సీఈ 560. ఇవి నా మెషీన్‌లో కనిపించిన అంకెలు, ఇంకో మెషీన్‌లో కొంచెం అటూ ఇటూ అవుతాయి. చూడ్డానికి, వాడ్డానికి మింట్ అన్నిటికన్నా సౌఖ్యంగా ఉంది, కొత్తవాళ్లకి అదే ఇస్తాను, కానీ 2 జీబీలో ఫైర్‌ఫాక్స్‌లో మూడు ట్యాబులు తెరిచేసరికి హార్డ్‌డిస్కు కరకరలాడటం మొదలైంది. అందుకని ఈ మెషీన్‌కి డెబియన్ ఖాయం చేశాను. 2030 దాకా దాని ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) ఉంటుంది, అప్పటికి ఈ పిల్లలు కాలేజీలు దాటేస్తారు.

పాత 160 జీబీ హార్డ్‌డిస్కు తీసి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) పెట్టాను, బరంపురం నుంచి మా బావతో తెప్పించాను. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేదాకా ముందు నిమిషం నలభై సెకన్లు, ఇప్పుడు ముప్ఫై అయిదు. డిస్ట్రోల మధ్య తేడాలు ఎంత కొలిచినా ఇంత మార్పు వాటిలో రాలేదు. డబ్బు ఒక్క దాని మీదే పెట్టగలిగితే ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టాలి అని గట్టిగా చెప్తాను.

నవంబరు 23, ఆదివారం

లాప్‌టాప్‌లో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. 4 జీబీ ఉంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. సౌండ్ వచ్చింది, వెలుతురు తగ్గించే మీటలు పనిచేశాయి, మూత మూస్తే నిద్రపోయింది, తీస్తే లేచింది. వైఫై మాత్రం కనిపించలేదు. నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కితే వైఫై అన్న మాటే లేదు.

ఇది చాలామంది లైనక్స్ వదిలేసే చోటు, కాబట్టి వివరంగా రాస్తాను. ఆ చిప్‌కి కెర్నల్‌లో డ్రైవర్ ఉంది, కానీ చిప్ లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలుని పంచిపెట్టే హక్కు డిస్ట్రోలకి లేదు. అందుకని అది ఐఎస్‌ఓలో ఉండదు, ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే వైఫై కావాలి, వైఫై రావాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంట్లో లాన్ కేబుల్ లేదు. దారి ఏమిటంటే ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. లైనక్స్ దాన్ని వైరు కనెక్షన్‌లాగే చూస్తుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. అలా కలిపాక మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై చిప్ పేరు దానంతట అదే వచ్చింది. టిక్ పెట్టి, ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేస్తే మా వీధిలో ఉన్న కనెక్షన్ల పేర్లన్నీ వరసగా కనిపించాయి. మొత్తం ఇరవై నిమిషాల పని. ఫోన్ సంగతి గుర్తు రాకముందు రెండు గంటలు పోయాయి.

నవంబరు 30, ఆదివారం

నెట్‌బుక్. 1 జీబీ ర్యామ్, అరచేతి వెడల్పు కీబోర్డు, 1024 బై 600 తెర. దీనిలో మూడు చూశాను.

డెబియన్ 12లో 32 బిట్ ఇంకా ఉంది, 2028 జూన్ వరకు దానికి ఎల్‌టీఎస్ ఉంది. ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే ఇంకో తేలికైన తెర రూపంతో వేస్తే 380 ఎంబీ తీసుకుంది, నడిచింది కానీ ఒక్కో మెనూకి రెప్పపాటు ఆగి తెరుచుకుంది. తర్వాత పప్పీ. ఇది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి అక్కడి నుంచే నడుస్తుంది కాబట్టి మెరుపులా ఉంది. హార్డ్‌డిస్కు పోయిన కంప్యూటర్‌ని కూడా పెన్‌డ్రైవ్‌తో నడిపించవచ్చు, ఆ పనికి దీన్ని మించింది నేను చూడలేదు. అయితే అది మామూలుగా రూట్ యూజర్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో నడుస్తుంది, మన పనంతా ఒక సేవ్ ఫైల్లో దాస్తుంది. పదిమంది పిల్లలు చేతులు మార్చుకునే చోట ఒక్కరి పొరపాటుకి అందరి పనీ పోతుందని భయమేసి పక్కన పెట్టాను.

మూడోది యాంటీఎక్స్ 23.2. డెబియన్ 12 మీద కట్టిందే, సిస్టమ్‌డీ అనే స్టార్టప్ వ్యవస్థ లేకుండా, ఐస్‌డబ్ల్యూఎం అనే తేలికైన విండో మేనేజర్‌తో వస్తుంది. 190 ఎంబీ. ఒక్కసారిగా నెట్‌బుక్‌కి ఊపిరి వచ్చినట్టయింది. దానిమీద జీర్యామ్ కూడా పెట్టాను. ర్యామ్ నిండుతున్నప్పుడు హార్డ్‌డిస్కు మీదికి తోసే బదులు ర్యామ్‌లోనే ఒక మూల కుదించి దాచుకునే ఏర్పాటు అది. ప్రాసెసర్‌కి కాస్త పని పెరుగుతుంది కానీ ఇంత నెమ్మది డిస్కు ఉన్నచోట ఆ బేరం లాభమే. యూట్యూబ్‌ని బ్రౌజర్లో తెరిస్తే బొమ్మ కదలక ఆగిపోతోంది, అదే లింకుని ఎంపీవీ ప్లేయర్‌కి ఇస్తే 360పీలో లెక్కల పాఠం ఆగకుండా నడిచింది.

చిన్న తెరతో ఒక ఇబ్బంది. కొన్ని సెట్టింగ్స్ కిటికీలు 600 గీతల కన్నా పొడుగు, కింద ఉన్న ఓకే బటన్ తెర కిందికి పోతుంది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు "సార్, నొక్కడానికి ఏటీ లేదు" అన్నాడు. ఆల్ట్ మీట పట్టుకుని కిటికీని ఎక్కడైనా మౌస్‌తో పట్టి పైకి లాగితే అడుగు భాగం కనిపిస్తుంది. వాడికి చూపించాను, వాడు మిగతావాళ్లందరికీ చూపించాడు.

డిసెంబరు 7, ఆదివారం

ఇవాళ్టి పని కోసమే ఇదంతా. భాషలు.

యాంటీఎక్స్‌లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు. ఫాంట్స్-తెలు, ఫాంట్స్-ఓర్యా అనే రెండు ప్యాకేజీలు వేస్తే చదవడం వరకు తీరిపోయింది. మొదటి దాంట్లో లోహిత్, పోతన, వేమన అన్నీ వస్తాయి. రాయడం దగ్గరే ఆలోచించాల్సి వచ్చింది. అందరూ ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ వేసుకోమంటారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి అందులో ఉంది, పెద్దవాళ్లకి అది సుళువు. కానీ మా పిల్లలకి ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీదుగా తెలుగు నేర్పడం నాకు ఇష్టం లేదు. పైగా 512 ఎంబీ ఉన్న పెంటియం 4లో వెనకాల ఇంకో ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి.

ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకున్నాను. ఇది మన దేశపు ప్రామాణిక కీబోర్డు, 1991లో వచ్చిన ఐఎస్ 13194 ప్రమాణంలో ఉంది. దీని గొప్పతనం మా ఊరివాళ్లకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదేమో. భారతీయ లిపులన్నిటికీ మీటల స్థానాలు ఒకటే. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి చేతి కింద ఎక్కువగా హల్లులు. కె మీట తెలుగులో క, ఒడియాలోనూ క. హెచ్ మీట ప, జె మీట ర, ఎల్ మీట త, సి మీట మ. తెలుగుకి అలవాటైన వేళ్లు ఒడియాకి మళ్లీ నేర్చుకోనక్కర్లేదు.

దీనికి ఐబస్ కూడా అక్కర్లేదు. లైనక్స్‌లో కీబోర్డు సంగతి చూసే ఎక్స్‌కేబీలోనే తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే ఒక్క కమాండుతో ఇంగ్లిష్, తెలుగు, ఒడియా మూడింటినీ వరసగా పెట్టి, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే మారేలా చేశాను. ఒకేసారి నాలుగు లేఅవుట్ల దాకా పెట్టుకోవచ్చు. ఆ కమాండుని యాంటీఎక్స్ స్టార్టప్ ఫైల్లో రాస్తే ప్రతిసారీ దానంతట అదే వస్తుంది, అదనంగా ర్యామ్ తినేదేమీ లేదు. డెబియన్, మింట్ రెండింట్లో అయితే కీబోర్డు సెట్టింగ్స్‌లోనే మౌస్‌తో ఎంచుకోవచ్చు.

మీటల మీద అంటించడానికి కాగితం మీద అక్షరాలు ప్రింట్ తీయించి, నీలం తెలుగు ఎడమవైపు, ఎరుపు ఒడియా కుడివైపు వచ్చేలా చిన్న చిన్న చదరాలు కత్తిరించి, పైన టేపు వేశాను. ఒక్కో కీబోర్డుకి గంటన్నర పట్టింది.

సాయంత్రం ఆరుగురు పిల్లలు వచ్చారు. ఊరి పేరు కొట్టమన్నాను. హెచ్, జె, డి, ఎన్, ఇ. పర్లా. డి మీట పొల్లు, అంటే వొత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య అది కొట్టాలి. తెరమీద మొదట "పర్" అని పొల్లుతో కనిపించి, ఎన్ కొట్టగానే ల వొత్తు కిందికి జారి "పర్ల" అయింది. "సార్ సార్, కిందికెల్లిపోనాది" అని ఒకమ్మాయి అరిచింది. ఆల్ట్, షిఫ్ట్ నొక్కి అవే అయిదు మీటలు మళ్లీ కొట్టమన్నాను. ఈసారి ఒడియాలో వచ్చింది, కానీ ర కాస్తా రేఫగా మారి ల నెత్తిమీదికి ఎక్కి కూర్చుంది. ఒకే అయిదు మీటలు, ఒక భాషలో కిందికి దిగితే ఇంకో భాషలో పైకి ఎక్కింది. ఆ పిల్లలు రెండు లిపుల్నీ బళ్లోనూ, ఇంటి గోడ మీది క్యాలెండర్లోనూ చూస్తూనే పెరిగారు, అవి రెండూ అక్కాచెల్లెళ్లని వాళ్ల వేళ్లకి తెలియడం మాత్రం ఇవాళే. తేడాలు కూడా వాళ్లే పట్టుకున్నారు. తెలుగులో ఎ, ఏ వేరు, రెండు మీటలున్నాయి. ఒడియాలో హ్రస్వం లేదు కాబట్టి ఒక్కటే. గంటలో అయిపోతుందనుకున్న క్లాసు ఎనిమిదిన్నర దాకా సాగింది, తల్లులు వచ్చి పిలుచుకెళ్లారు.

డిసెంబరు 14, ఆదివారం

పెంటియం 4 మీద కూర్చున్నాను. ముందు మదర్‌బోర్డు చూశాను, కెపాసిటర్లు ఏవీ ఉబ్బలేదు. తుఫాను నీళ్లు క్యాబినెట్ అడుగు వరకే తగిలినట్టున్నాయి. ఎస్‌ఎంపీఎస్ పైన ఉండటం దీని అదృష్టం. ప్రాసెసర్ మీద ఎండి పెంకు కట్టిన పేస్టు గీకి కొత్తది పెట్టాను.

ఇది పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు, బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఆ ఆప్షనే లేదు. సీడీ డ్రైవ్ తలుపు తెరుచుకుంటుంది కానీ సీడీని చదవదు. అప్పుడు తట్టింది: మా డెస్క్‌టాప్ బోర్డు మీద ఒక ఐడీఈ సాకెట్ ఉంది. పెంటియం 4 డిస్కు విప్పి, వెనక జంపర్ (పిన్నులకి తొడిగే చిన్న ముక్క) మాస్టర్‌లో ఉందో లేదో చూసుకుని, దాన్ని డెస్క్‌టాప్‌కి తగిలించి, అక్కడ పెన్‌డ్రైవ్ నుంచి 32 బిట్ యాంటీఎక్స్ లేపి, ఆ 40 జీబీ డిస్కు మీద ఇన్‌స్టాల్ చేశాను. లైనక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. ఒక మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసిన డిస్కుని ఇంకో మెషీన్‌లో పెడితే కెర్నల్ అక్కడి హార్డ్‌వేర్‌ని మళ్లీ గుర్తుపట్టి లేస్తుంది.

లేవలేదు. పెంటియం 4లో పెడితే నల్ల తెర మీద బూట్ డిస్కు లేదని వచ్చింది. సరేనని డెస్క్‌టాప్ ఆన్ చేస్తే అందులో అంతకన్నా ఘోరం: "నో సచ్ డివైస్", కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఒక్క గీత. పిల్లల పనంతా దాంట్లోనే ఉంది. రాత్రి పదయింది. టెన్షన్‌తో ఇంకేమైనా నొక్కి చెడగొడతానేమోనని అన్నీ ఆపేసి పడుకున్నాను.

డిసెంబరు 15

పొద్దున్నే కాఫీ తాగి నెమ్మదిగా ఆలోచిస్తే అర్థమైంది. ఇన్‌స్టాలర్ చివర్లో గ్రబ్ (డిస్కు నుంచి లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) ఏ డిస్కు మీద రాయాలి అని అడిగింది, దానంతట అది చూపించిన మొదటి డిస్కుకే సరే అన్నాను. ఆ మొదటి డిస్కు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ. అంటే పెంటియం 4 తాళంచెవి తీసుకెళ్లి డెస్క్‌టాప్ తలుపుకి పెట్టాను. డెస్క్‌టాప్ లేచేటప్పుడు తన గ్రబ్ బదులు ఆ కొత్త గ్రబ్ వచ్చి, ఇప్పుడు అక్కడ లేని 40 జీబీ డిస్కుని వెతుక్కుంటోంది. పెంటియం 4 డిస్కు మీద అసలు గ్రబ్బే లేదు.

ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా లేపి, ఎస్‌ఎస్‌డీ పార్టిషన్‌ని మౌంట్ చేసి చూస్తే అన్నీ ఉన్నాయి. ముందు వాటిని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. ఆ తర్వాత క్రూట్ అనే కమాండుతో ఆ సిస్టమ్ లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ కమాండులు కొట్టాను. రీస్టార్ట్ చేస్తే డెబియన్ మామూలుగా లేచింది. తర్వాత ఎస్‌ఎస్‌డీ కేబుల్ పూర్తిగా పీకేసి, 40 జీబీ డిస్కు ఒక్కటే ఉంచి, దాని మీద యాంటీఎక్స్ బూట్ రిపేర్ టూల్‌తో గ్రబ్ రాశాను. దాన్ని పెంటియం 4లో పెట్టగానే లేచింది. వేరే మెషీన్ డిస్కుని మీ మెషీన్‌లో పెట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందు మీ డిస్కు కేబుల్ పీకేయండి. అర నిమిషం పని.

డిసెంబరు 21, ఆదివారం

పెంటియం 4లో ఇంటర్నెట్ వస్తోంది, పేజీలు తెరుచుకోవు. ప్రతి పేజీకీ సర్టిఫికెట్ చెల్లదని అడ్డం పడుతోంది. ప్యాకేజీలు దింపుదామంటే రిపాజిటరీ (ప్యాకేజీల భండారం) ఫైలు "ఇంకా చెల్లుబాటు కాలేదు" అంటోంది. ఇంకా అన్న మాట దగ్గర ఆగి మూలనున్న గడియారం చూశాను. 2002 జనవరి 1. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు తీసిన ప్రతిసారీ అది 2002కి వెళ్లిపోతోంది. సర్టిఫికెట్లన్నీ తేదీ చూసే నమ్ముతాయి కదా. వాచీల కొట్లో సీఆర్2032 బ్యాటరీ ముప్ఫై రూపాయలకి తెచ్చి పెట్టాను.

తెరిచి ఏమీ చేయకపోతే ర్యామ్ వాడకం 130 ఎంబీ. లిబ్రే ఆఫీస్ రైటర్ తెరుచుకోవడానికి నలభై సెకన్లు, తెరుచుకున్నాక తెలుగు కొడుతుంటే ఎక్కడా తడబడలేదు. బ్రౌజర్ తెరిస్తే మాత్రం ఒక్క ట్యాబుకే ఊపిరాడదు. దీన్ని ఇంటర్నెట్‌కి వాడకూడదని తేల్చేసి, రాసుకోవడానికే ఉంచాను.

జనవరి 4, ఆదివారం

పెంటియం 4 ఎవరికి ఇవ్వాలో వెతకాల్సిన పని లేకపోయింది. మా పెదనాన్న రిటైరైన మాస్టారు. పోయిన వారం వచ్చి పిల్లలు కొడుతుంటే వెనక నిల్చుని అరగంట చూశారు. "ఏరా, నాలాంటోడికి వస్తాదేటి ఇది?" అన్నారు. ఆయనకి చూపు మందగించింది, ఫోన్లో అక్షరాలు కనిపించవు. పాత పదిహేడు అంగుళాల గాజు మానిటర్ తగిలించి, రైటర్‌లో అక్షరాల సైజు 22 పెట్టి, ఆయన ఇంట్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టి వచ్చాను. ఇన్‌స్క్రిప్ట్ కాగితం గోడకి అంటించాను. గుణింతాల వరస తెలిసినవాళ్లకి అది త్వరగా పట్టుబడుతుంది, మొదటి రోజే పేరు కొట్టుకున్నారు.

ఫాంట్ల జాబితా తీసి చూపిస్తుంటే అందులో గిడుగు అన్న పేరు కనిపించింది. పెదనాన్న చేతిలో మౌస్ ఆగిపోయింది. రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊరు ఇది. వాడుక తెలుగు కోసం, సవర భాష కోసం ఇక్కడే ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ పేరుతో ఉన్న అక్షరాలు ఆ ఊళ్లోనే, తుఫానులో తడిసిన కంప్యూటర్లో తెరమీద వచ్చాయి. పెదనాన్న తన ఫైలుకి శీర్షిక ఆ ఫాంట్‌లోనే పెట్టమన్నారు.

సవర అంటే గుర్తొచ్చింది. గుమ్మ బ్లాకు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ తొమ్మిది చదివే ఒక అమ్మాయి ట్యూషన్‌కి వస్తుంది, సవరల పిల్ల. తనకి తెలుగు, ఒడియా రెండూ బడి భాషలే. నోటో ఫాంట్ల ప్యాకేజీలో సవర భాష రాసే సోరంగ్ సోంపెంగ్ లిపి ఉందని తెలిసి డెస్క్‌టాప్‌లో వేశాను. మంగేయి గొమాంగో ఆ లిపి తయారు చేసింది కూడా 1936లోనే, యూనికోడ్‌లోకి (అన్ని లిపులకీ ఉన్న కంప్యూటర్ ప్రమాణం) వచ్చింది 2012లో. కీబోర్డు లేఅవుట్ దొరకలేదు, అందుకని అక్షరాల పట్టిక తెరిచి ఒక్కోదాని మీద మౌస్‌తో నొక్కమన్నాను. "మా తాత ఊళ్లో పూజ చేసే కాడ ఇయ్యి ఉంటాయి సార్" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఒక్కో అక్షరం నొక్కుతూ, సైజు పెంచుతూ కూర్చుంది. నాలుగో లేఅవుట్ ఖాళీగానే ఉంది కదా. ఎక్స్‌కేబీ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, ఏ మీటకి ఏ అక్షరమో మనమే రాసుకోవచ్చు. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో తాతగారిని అడిగి రమ్మన్నాను. సంక్రాంతికి ఊరెళ్తోంది.

జనవరి 11, ఆదివారం

డెస్క్‌టాప్, లాప్‌టాప్, నెట్‌బుక్ రోజూ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా నడుస్తున్నాయి. నెట్‌బుక్ బ్యాటరీ పది నిమిషాలే ఆగుతోంది, కరెంటు పోతే ముందు దాన్నే సేవ్ చేయమని గోడ మీద రెండు భాషల్లో రాసిపెట్టాం. ఆ రాతని పిల్లలే కొట్టి ప్రింట్ తీయించారు. ఒడియా కాగితంలో ఒక తప్పుంది, దిద్దుతారు.

పెదనాన్న పెంటియం 4 ఫ్యాన్ పొద్దున్న ఆన్ చేసినప్పుడు అయిదు నిమిషాలు గట్టిగా అరిచి తర్వాత సర్దుకుంటోంది, ఒక చుక్క మిషను నూనె వేసి చూడాలి. ఆయన ఫైలు పేరు "చిన్న రైలు". 1900లో మొదలై, ఆయన చిన్నప్పుడు స్కూలుకీ పెళ్లిళ్లకీ తిరిగిన నౌపడ లైను, రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన బండి గురించి రాస్తున్నారు. ఇవాళ్టికి మూడు పేజీలు అయ్యాయి. పాతపట్నం, టెక్కలి దాటి నౌపడ దాకా వచ్చారు, గుణుపురం వైపు ఇంకా మొదలుపెట్టలేదు.